ప్రయాణంలో మోటారు సైకిలు రాత్రి భద్రత

ప్రయాణంలో మోటారు సైకిలు రాత్రి భద్రత అనగా, ద్విచక్ర వాహనముపై పరాయి ఊరికి వెళ్ళినవారు రాత్రి బస చేసిన చోట ఆ వాహనాన్ని దొంగతనము నుండి, విడిభాగాల చోరీ నుండి, గాలివానల నష్టము నుండి కాపాడుకొనే విధానము. సొంత ఇంటి వద్ద బండిని ఎక్కడ నిలపాలో, దానిపై ఎవరి చూపు ఉంటుందో యజమానికి తెలుసు. పరాయి ఊరిలో ఆ రెండూ తెలియవు. అందువలన ఇంటి దగ్గర సరిపోయే జాగ్రత్త ప్రయాణంలో సరిపోదు. ఈ వ్యాసంలో అనంతపురం జిల్లాలోని విడపనకల్లును, దాని చుట్టుప్రక్కల ప్రాంతాన్ని ముఖ్యమైన ఉదాహరణగా తీసుకొనడం జరిగినది.

భారతదేశంలో నమోదైన వాహనాలలో సుమారు నాలుగింట మూడు వంతులు ద్విచక్ర వాహనాలే. వాహన దొంగతనాలలో కూడా వీటిదే పెద్ద వాటా. మెట్ట ప్రాంతపు చిన్న రైతుకు, గ్రామాలు తిరిగి బట్టలో కూరగాయలో అమ్ముకొనేవారికి, కూలి పనికి బెంగళూరు దారి పట్టేవారికి మోటారు సైకిలు విలాస వస్తువు కాదు. చాలామంది దానిని వాయిదాల మీద కొంటారు. బండి పోయినా వాయిదా ఆగదు.

ప్రాంత నేపథ్యము

విడపనకల్లు అనంతపురం జిల్లాలో ఒక మండల కేంద్రము. ఉరవకొండ శాసనసభ నియోజకవర్గములో ఉన్నది. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినపుడు ఈ మండలము అనంతపురం జిల్లాలోనే మిగిలినది. పడమట కర్ణాటక రాష్ట్రపు బళ్ళారి జిల్లా కలదు. సరిహద్దు ఊళ్ళు గనుక ఇక్కడ తెలుగుతో పాటు కన్నడమూ వినబడుతుంది. తాళాన్ని ఈ ప్రాంతంలో 'బీగము' అనడం కూడా ఉన్నది. కన్నడంలోనూ ఆ మాటే.

అనంతపురం నుండి ఉరవకొండ మీదుగా బళ్ళారికి, అక్కడినుండి హోసపేట, హంపీలకు వెళ్ళేవారు ఈ ప్రాంతము గుండా సాగుతారు. గుంతకల్లు సమీపంలోని కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి ఆలయానికి, ఉరవకొండ సమీపంలోని పెన్న అహోబిలం లక్ష్మీనరసింహస్వామి ఆలయానికి మోటారు సైకిళ్ళపై వచ్చి ఒక రాత్రి ఉండి వెళ్ళే భక్తులు ఉంటారు. నార్పల మండలంలోని గూగూడులో మొహర్రం సమయాన కుళ్ళాయిస్వామి దర్శనానికి హిందువులు, ముస్లిములు పెద్ద సంఖ్యలో వస్తారు. అటువంటి రోజులలో ఖాళీ చేలన్నీ బండ్లతో నిండిపోతాయి. ఒకే కంపెనీవి, ఒకే నలుపు రంగువి వందల బండ్లు వరుసలు తీరి ఉన్నచోట ఎవరు ఎవరి బండి తీసుకొని పోతున్నారో గుర్తు పట్టడం కష్టము.

రాష్ట్ర సరిహద్దు దగ్గరగా ఉండడము ఇక్కడ గమనించవలసిన మరొక అంశము. రాత్రి పోయిన బండి తెల్లవారేలోగా మరొక రాష్ట్రపు పోలీసుల పరిధిలోకి వెళ్ళిపోవచ్చు. ఒకప్పుడు ఏపీ 02 అని ఉంటే అనంతపురం బండి అని, కేఏ 34 అని ఉంటే బళ్ళారి బండి అని కావలివారు చూడగానే చెప్పేవారు. 2019 నుండి ఆంధ్రప్రదేశ్‌లో కొత్త వాహనాలకు రాష్ట్రమంతటికీ ఏపీ 39తో మొదలైన ఉమ్మడి వరుస ఇస్తుండడముతో, కొత్త బండి నంబరును బట్టి అది ఏ జిల్లాదో తెలిసే వీలు పోయినది.

చరిత్ర

ప్రయాణికుని సొత్తుకు రాత్రి కావలి అనేది మోటారు సైకిలుతో పుట్టిన సమస్య కాదు. ఎద్దుల బండ్లు, గుర్రాలు నడిచిన కాలంలో ప్రతి ఊరికీ తలారి ఉండేవాడు. పాళెగాండ్రు తమ పరిధిలోని గ్రామాల నుండి కావలి రుసుము తీసుకొనేవారు. అందుకు బదులుగా, ఆ పరిధిలో సొత్తు పోతే దానిని వెదకి ఇప్పించడము, లేదా విలువ కట్టి చెల్లించడము కావలివారి విధిగా ఉండేది. ఆచరణలో ఈ రుసుము బెదిరింపు వసూలుగా మారిన చోట్లు కూడా లేకపోలేదు.

1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసిన తరువాత, 1807 వరకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో కాలంలో పాళెగాండ్ర అధికారము అణగిపోయినది. 1816 నాటి మద్రాసు రెగ్యులేషను గ్రామాధికారికి, తలారికి పోలీసు విధులు అప్పగించినది. ఆంధ్రప్రదేశ్‌లో మునసబు, కరణము వంటి వంశపారంపర్య గ్రామ పదవులు 1984లో రద్దయినవి.

ఆ పాత ఏర్పాటులో లోపాలు ఎన్ని ఉన్నా, ఒక విషయము నేటికీ పనికివస్తుంది. రాత్రికి సొత్తు గురించి అడగడానికి పేరున్న మనిషి ఒకడు ఉండేవాడు. ఇప్పుడు ప్రయాణికుడు తాళాల సంగతి ఆలోచించే ముందు వెదకవలసినది అటువంటి మనిషినే.

నిలుపు చోటు

ఏ తాళమైనా దొంగను పూర్తిగా ఆపలేదు. ఆలస్యము మాత్రమే చేస్తుంది. ఆ ఆలస్యము ఎవరైనా చూసే చోట జరిగితేనే ప్రయోజనము. ఎవరూ లేని చోట మేలైన గొలుసు కూడా తెల్లవారేలోగా తెగవచ్చు. పదిమంది మెలగే వెలుతురులో మామూలు హ్యాండిల్ తాళమే దొంగను వెనుకకు తిప్పవచ్చు. అందువలన చోటును ఎంచుకొనడమే ఈ విషయంలో ప్రధానము.

గ్రామాలలో బంధువుల ఇంటికో స్నేహితుల ఇంటికో వెళ్ళినపుడు బండిని వాకిటిలో వదలక ప్రహరీ లోపలికి గాని, పశువుల కొట్టములోకి గాని చేర్చడము మంచిది. కాడెద్దులు తగ్గి ఖాళీగా ఉన్న కొట్టాలు బండికి చక్కగా సరిపోతాయి. కుక్క ఉన్న ఇల్లయితే మరీ మంచిది. లోపల పెట్టమని అడగడానికి మొహమాటపడి వీధిలో వదిలేయడము ప్రయాణికులు తరచుగా చేసే పొరపాటు. ఇంటివారు దానిని తప్పుగా తీసుకొనరు. బండి పోతే మాత్రం వారు జీవితాంతం బాధపడతారు.

లాడ్జీలు ఎక్కువగా ఉరవకొండ, గుంతకల్లు, బళ్ళారి, అనంతపురం వంటి పట్టణాలలో ఉంటాయి. గది అద్దె అడిగే ముందే బండి ఎక్కడ పెడతారో చూడవలెను. గేటు ఎన్ని గంటలకు మూస్తారు, దాని తాళంచెవి రాత్రి ఎవరి దగ్గర ఉంటుంది, కావలి మనిషి మేలుకొని ఉంటాడా, కెమెరా ఉంటే అది రాత్రి బొమ్మను భద్రపరుస్తుందా అన్నవి అడగవలసిన ప్రశ్నలు. గోడకు తగిలించిన కెమెరాలన్నీ పనిచేస్తున్నవే అయి ఉండవు. కౌంటరులో కూర్చున్నవారికి నేరుగా కనబడే చోటు వెనుక సందులోని షెడ్డు కంటే నయము. ముందు చక్రము గోడకు ఆనేట్లు నిలిపితే బండిని వెనుకకు లాగి తిప్పవలసి ఉంటుంది. ఆ కొంచెము శ్రమ కూడా మేలే. ఇద్దరు కలిసి రెండు బండ్లపై వెళ్ళినపుడు రెండింటినీ ఒకే గొలుసుతో కట్టవచ్చు.

బస్టాండు, రైల్వే స్టేషనుల వద్ద ఇప్పటికీ 'సైకిల్ స్టాండు' అని పిలిచే రుసుము పార్కింగులలో బండిని వదలి బస్సులోనో రైలులోనో వెళ్ళేవారు ఉంటారు. గుంతకల్లు పెద్ద జంక్షను కావడముతో అక్కడ రాత్రి రైళ్ళు ఎక్కేవారికి ఇది అవసరము. ఇక్కడ రసీదు ముఖ్యము. రసీదుపై బండి నంబరు, తేదీ, సమయము ఉన్నాయో లేదో అక్కడికక్కడే చూసుకొనవలెను. ఆ రసీదును బండి సీటు క్రింద గాని ట్యాంకు సంచిలో గాని పెట్టి వెళ్ళడము దొంగ చేతికి బండితో పాటు దారి చీటీ కూడా ఇచ్చినట్లు అవుతుంది.

దారిలో చీకటి పడి ఏ ఊరూ అందనపుడు రాత్రంతా తెరచి ఉండే పెట్రోలు బంకు, దేవాలయపు సత్రము, పోలీసు స్టేషను ఆవరణ పనికివస్తాయి. ఎక్కడైనా సరే, అక్కడ ఉన్నవారితో మాట్లాడి, ఫలానా ఊరివాడినని, ఉదయము ఇన్ని గంటలకు బయలుదేరతానని చెప్పి, వారి సమ్మతి తీసుకొనవలెను. అడగకుండా ఒక మూల నిలిపి పడుకొన్న బండికి కావలి ఉన్నట్లు కాదు. తెల్లవారుజామున ఎవరో దానిని తోసుకొని పోతుంటే అతడే యజమాని అని బంకు మనిషి అనుకొనడంలో అతని తప్పు లేదు.

వజ్రాల వేట కాలము

విడపనకల్లుకు ప్రక్కనే ఉన్న వజ్రకరూరు ప్రాంతములో కింబర్లైటు శిలలు కలవు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వారి కింబర్లైటు ప్రదర్శనశాల కూడా వజ్రకరూరులో ఉన్నది. తొలకరి వానలకు పైమట్టి కొట్టుకొనిపోయి రాళ్ళు బయటపడినపుడు వజ్రాలు వెదకడానికి ఇక్కడికి, కర్నూలు జిల్లాలోని జొన్నగిరి, తుగ్గలి ప్రాంతాలకు ఏటా జనము వస్తారు. పొరుగు జిల్లాల నుండి, బళ్ళారి వైపు నుండి కుటుంబాలతో సహా మోటారు సైకిళ్ళపై వచ్చి, గుడి మండపాలలోను చెట్ల క్రిందను రోజుల తరబడి ఉండేవారు కలరు.

పగలంతా చేలలో తల వంచి నేలను వెదకడము, రాత్రి అలసి నిద్రపోవడము వారి దినచర్య. బండి పగలు చేని గట్టున, రాత్రి గుడి ముందు ఉంటుంది. వజ్రము దొరకడము అరుదు. బండి మాత్రము చేతిలో ఉన్న ఆస్తి. ఇటువంటి చోట ఒకే ఊరి నుండి వచ్చినవారు బండ్లను ఒక్కచోట చేర్చి, వంతుల వారీగా ఒకరు మేలుకొనడము తేలికైన పద్ధతి. ఇంటికి ఒకరు చొప్పున నలుగురు ఉంటే మనిషికి రెండు గంటలు మేలుకొంటే చాలు. మంచాలు లేనిచోట బండ్ల వరుసకు ఆనుకొనే పడుకొంటారు.

నేల, గాలి, వాన

దొంగ ముట్టుకొనకపోయినా బండికి రాత్రి నష్టము జరగవచ్చు. అనంతపురం జిల్లాలో సాలీనా సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. జిల్లాలో ఎర్ర నేలలే ఎక్కువ అయినా విడపనకల్లు, ఉరవకొండ, గుంతకల్లు వైపు నల్లరేగడి విస్తారముగా ఉన్నది. నల్లరేగడి ఎండినపుడు రాయిలా ఉంటుంది, తడిస్తే వెన్నలా జారుతుంది. సాయంత్రము గట్టి నేల అనుకొని సైడు స్టాండు వేసిన బండి అర్ధరాత్రి వాన పడితే ఒరిగి పడిపోతుంది. అద్దము, క్లచ్చి పిడి విరగడము, ట్యాంకు సొట్టపోవడము, పెట్రోలు కారిపోవడము దీని ఫలితాలు. స్టాండు క్రింద ఒక బండరాయి ముక్క గాని, చెక్క పలక గాని ఉంచితే చాలు. వీలైన బండ్లకు మధ్య స్టాండు వేయడము ఇంకా మేలు.

ఆషాఢ, శ్రావణ మాసాలలో ఈ పీఠభూమి మీద పడమటి గాలి బలముగా వీస్తుంది. ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప ప్రాంతాలలో గాలిమరలు నిలబెట్టినది ఈ గాలిని చూసే. ఇటువంటి రాత్రులలో బండిపై కప్పిన వదులు గుడ్డ తెరచాపలా గాలిని పట్టి బండిని పడద్రోయగలదు. గుడ్డ కప్పితే క్రింద త్రాడుతో బిగించి కట్టవలెను. గుడ్డ కప్పడము వలన ఏ బండి ఉన్నదో బయటివారికి తెలియదు అన్నది ఒక లాభము. అయితే గుడ్డ చాటున తాళము విరగగొట్టినా ఎవరికీ కనబడదు అన్నది నష్టము. వెలుతురు ఉన్న చోట కప్పకుండా ఉంచడమే మంచిదని చెప్పవచ్చు.

తాళాలు

కర్మాగారము నుండి వచ్చే హ్యాండిల్ తాళములో ఒక చిన్న ఉక్కు కడ్డీ హ్యాండిల్ స్తంభములోని గాడిలోకి దూరి దానిని ప్రక్కకు తిరగకుండా పట్టుకొంటుంది. ఇది బలవంతానికి లొంగే తాళమే. ఏళ్ళ తరబడి వాడిన బండ్లలో తాళమూ, చెవీ అరిగిపోయి, ఒక బండి చెవి మరొక బండికి పట్టడము చాలామందికి అనుభవములో ఉన్న విషయము. తన తాళంచెవి ఇంజను నడుస్తుండగానే ఊడివస్తున్నదని గమనించినవారు ప్రయాణానికి ముందే తాళాల జత మార్పించుకొనవలెను.

డిస్కు బ్రేకు ఉన్న బండ్లకు డిస్కు తాళము వేయవచ్చు. ఇది చిన్నది, జేబులో పడుతుంది, చక్రము తిరగనివ్వదు. అయితే బండిని ఎత్తి ఆటోలోనో లారీలోనో వేసుకొని పోయేవారిని ఆపలేదు. వేసిన సంగతి మరచి ఉదయము బండిని కదిలిస్తే పడిపోయే ప్రమాదము కూడా ఉన్నది. అందుకని దాని నుండి హ్యాండిల్ వరకు రంగు త్రాడు ఒకటి కట్టి ఉంచుతారు.

గొలుసును కదలని వస్తువుకు, అనగా గేటు స్తంభానికో ఇనుప కమ్మీకో చుట్టి బిగించినపుడే దాని పూర్తి ఫలితము దక్కుతుంది. ముందు చక్రానికి మాత్రమే వేసిన గొలుసు ఆ చక్రాన్నే కాపాడుతుంది. చక్రము విప్పి మిగిలినది తీసుకొని పోవచ్చు. గొలుసు బండి చట్రము గుండా పోవలెను. నేలమీద పడి ఉండే వదులు గొలుసును సుత్తితో కొట్టడము సులువు గనుక నేలను తాకకుండా పైకి బిగించవలెను. సైకిలుకు వాడే సన్నని తీగ తాళాలు హెల్మెట్టును కట్టుకొనడానికి పనికివస్తాయి, అంతకు మించి కాదు. బ్రిటనులో 1992లో మొదలైన 'సోల్డ్ సెక్యూర్' అనే సంస్థ తాళాలను పనిముట్లతో పరీక్షించి కంచు, వెండి, బంగారము, వజ్రము అనే శ్రేణులు ఇస్తున్నది. మన అంగళ్ళలో దొరికే తాళాలలో చాలావాటికి అటువంటి గుర్తు ఉండదు. కడియాల మందము, తాళము బరువు చూసి ఎంచుకొనడమే దారి.

కదిలిస్తే మోగే అలారము ఎవరైనా వినే చోటనే పనికివస్తుంది. జీపీఎస్ పరికరము బండి ఎక్కడ ఉన్నదో చెప్పగలదు గాని, దానికి మొబైలు సంకేతము, బ్యాటరీ రెండూ ఉండవలెను. బండి జాడ ఫోనులో కనబడినంత మాత్రాన యజమాని ఒంటరిగా దాని వెంట పడడము ప్రమాదకరము. ఆ జాడను పోలీసులకు ఇవ్వవలెను.

ఇంధనము, విడిభాగాలు, సామాను

పాత బండ్లలో రాత్రి పెట్రోలు కుళాయి కట్టివేయడము ఒక అలవాటు. కుళాయి కట్టి ఉంటే కార్బురేటరు గిన్నెలో మిగిలిన పెట్రోలుతో బండి కొద్ది దూరము పోయి ఆగిపోతుంది. ఎత్తుకొని పోయినవాడు బండి చెడిపోయినదనుకొని వదిలిపెట్టిన సందర్భాలు ఉంటాయి. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు వచ్చిన తరువాత కార్బురేటరు స్థానములో ఇంధన ఇంజెక్షను వచ్చినది. కొత్త బండ్లలో చాలావాటికి ఆ కుళాయి లేదు. పెద్దలు చెప్పే ఈ చిట్కా ఇపుడు పాత బండ్లకే వర్తిస్తుంది.

విద్యుత్ స్కూటర్లలో బ్యాటరీ విడదీయగలిగినదైతే దానిని గదిలోకి తీసుకొని పోవడము అవసరము. బండిలో ఖరీదైన భాగము అదే. అయితే నిద్రించే గదిలో, మంచము ప్రక్కన దానిని రాత్రంతా చార్జి చేయరాదు.

అసలు ఆర్.సి., బీమా పాలసీ కాగితాలను బండి పెట్టెలో వదలడము చాలామందికి అలవాటు. బండితో పాటు కాగితాలు కూడా పోతే దొంగకు అమ్మడము సులువు, యజమానికి నిరూపించుకొనడము కష్టము. 2018 నవంబరులో కేంద్ర మోటారు వాహన నియమావళికి జరిగిన సవరణ తరువాత డిజిలాకర్, ఎం-పరివాహన్‌లలోని పత్రాలను తనిఖీలో అంగీకరిస్తున్నారు. అసలు కాగితాలను, రెండవ తాళంచెవిని ఇంటి దగ్గరే భద్రపరచుకొనవచ్చు.

అప్పగించిన చోట బాధ్యత

'వాహనము పోయినచో యాజమాన్యము బాధ్యత వహించదు' అనే బోర్డు దాదాపు ప్రతి పార్కింగులోను కనబడుతుంది. బోర్డు ఉన్నంత మాత్రాన బాధ్యత పూర్తిగా తొలగిపోదు. 1872 నాటి భారత కాంట్రాక్టుల చట్టము 148వ సెక్షను ప్రకారము ఒక వస్తువును తిరిగి ఇచ్చే షరతుపై మరొకరికి అప్పగించడము ఒక ఒప్పందము. 151వ సెక్షను ప్రకారము, సాధారణ వివేకము గల మనిషి తన సొంత వస్తువు విషయములో తీసుకొనే జాగ్రత్తను, తీసుకొన్నవారు ఆ వస్తువు విషయములో తీసుకొనవలెను. 1998లో ఢిల్లీలోని ఒక హోటలు నుండి కారు పోయిన వివాదములో సుప్రీంకోర్టు 2019 నవంబరులో తీర్పు ఇస్తూ, హోటలు తన సిబ్బంది ద్వారా వాహనాన్ని స్వాధీనములోకి తీసుకొన్నపుడు 'యజమాని పూచీ' అనే షరతు చూపి తన నిర్లక్ష్యము నుండి తప్పించుకొనజాలదని పేర్కొన్నది.

ఇక్కడ కీలకము స్వాధీనము. యజమాని తానే ఒక మూల నిలిపి తాళంచెవి తన జేబులో వేసుకొన్నపుడు అది అప్పగింత అని చెప్పడము కష్టము. రసీదు ఇచ్చి, రుసుము తీసుకొని, గేటు దగ్గర రసీదు చూపితేనే వదిలే స్టాండులో అప్పగింత స్పష్టముగా కనబడుతుంది. ప్రయాణికునికి రసీదు విలువ ఇంత ఉన్నది.

బీమా

1988 నాటి మోటారు వాహనాల చట్టము 146వ సెక్షను ప్రకారము మూడవ పక్షపు బీమా తప్పనిసరి. అది ఇతరులకు కలిగే నష్టానికి మాత్రమే. బండి దొంగతనానికి గురైతే ఆ పాలసీ కింద ఒక్క రూపాయి కూడా రాదు. సుప్రీంకోర్టు ఆదేశముతో 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ళ మూడవ పక్షపు బీమా ఒకేసారి కట్టించుకొంటున్నారు. దొంగతనము వర్తించే సొంత నష్టపు బీమాను విడిగా పునరుద్ధరించుకొనవలసి ఉంటుంది. ఐదేళ్ళ పాలసీ చేతిలో ఉన్నది గనుక బండికి బీమా ఉన్నదనే నమ్మకముతో చాలామంది రెండవ ఏట దానిని వదిలివేస్తారు. పోయిన తరువాత గాని తేడా తెలియదు.

సొంత నష్టపు పాలసీలో చెల్లించేది పాలసీపై వ్రాసిన ప్రకటిత విలువ మేరకే. కొత్త బండి ధరపై వయస్సును బట్టి తరుగు తీసివేస్తారు: ఒకటి నుండి రెండేళ్ళ బండికి 20 శాతము, రెండు నుండి మూడేళ్ళకు 30, మూడు నుండి నాలుగేళ్ళకు 40, నాలుగు నుండి ఐదేళ్ళకు 50. ఉదాహరణకు 80,000 రూపాయల ధర గల బండి రెండేళ్ళు దాటినదైతే ప్రకటిత విలువ 56,000 రూపాయలు. బండిపై అప్పు ఉంటే ఆ సొమ్ము ముందుగా అప్పు ఇచ్చినవారికే చేరుతుంది.

బీమా కంపెనీలు రెండు తాళంచెవులూ అడుగుతాయి. చెవి బండికే వదలివేసినట్లు తేలితే నిర్లక్ష్యమని వాదిస్తాయి. చెవి బండిలోనే ఉంచి డ్రైవరు దారి అడగడానికి దిగిన కొద్దిసేపటిలో లారీ పోయిన అశోక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2023లో 75 శాతము పరిహారము ఇప్పించినది. అనగా పూర్తిగా పోలేదు, పూర్తిగా రాలేదు. మరొక చిక్కు పేరు మార్పిడి. చేతులు మారిన బండ్లు గ్రామాలలో ఏళ్ళ తరబడి మొదటి యజమాని పేరుననే తిరుగుతుంటాయి. ఆర్.సి., పాలసీ రెండూ అనుభవిస్తున్నవారి పేరున లేనపుడు పరిహారము కోరడము చాలా కష్టము.

బండి పోయినపుడు

ఉదయము బండి కనబడకపోతే మొదట చుట్టుప్రక్కల వెదకి, లాడ్జి లేదా స్టాండు వారిని విచారించి, ఆలస్యము చేయక 112కు ఫోను చేయవలెను. వాయిదా బండ్లను అప్పు ఇచ్చినవారు పట్టుకొని పోయే సందర్భాలు కూడా ఉంటాయి గనుక బాకీ ఉన్నవారు ఆ సంగతి కూడా విచారించుకొనవలెను. తరువాత వ్రాతపూర్వకముగా ఫిర్యాదు ఇవ్వవలెను. దొంగతనము 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను కిందికి వస్తుంది. అంతకు ముందు భారత శిక్షా స్మృతిలో 379వ సెక్షను ఉండేది.

సరిహద్దు ప్రాంతములో ప్రయాణికునికి ఎదురయ్యే మొదటి మాట 'ఇది మా పరిధి కాదు' అన్నది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము నేరము ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారము ఇవ్వవచ్చు. దీనిని 'జీరో ఎఫ్.ఐ.ఆర్.' అంటారు. అనగా బళ్ళారిలో పోయిన బండి గురించి అనంతపురం జిల్లాలోని స్టేషనులోను, ఇక్కడ పోయినదాని గురించి అక్కడను ఫిర్యాదు చేయవచ్చు. ఎలక్ట్రానిక్ రూపములో ఇచ్చిన సమాచారముపై మూడు రోజులలోగా సంతకము చేయవలెను. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితముగా ఇవ్వాలి. నమోదుకు నిరాకరిస్తే జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు వ్రాతపూర్వకముగా తెలియజేయవచ్చు.

ఫిర్యాదులో రిజిస్ట్రేషను నంబరుతో పాటు ఛాసిస్, ఇంజను నంబర్లు తప్పక ఉండవలెను. నంబరు పలక మార్చడము దొంగకు మొదటి పని. 2019 ఏప్రిల్ 1 తరువాత తయారైన వాహనాలకు హై సెక్యూరిటీ నంబరు పలక ఉండడము వలన ఆ మార్పు కొంత కష్టమైనది, అసాధ్యము మాత్రము కాలేదు. ఈ రెండు నంబర్లను ఫోనులోను, ఇంటి డైరీలోను వ్రాసి ఉంచుకొనేవారు తక్కువ. బండిపై తమకు మాత్రమే తెలిసిన ఒక గీత గాని గుర్తు గాని ఉంటే అది కూడా ఫిర్యాదులో వ్రాయవలెను.

బీమా కంపెనీకి కూడా అదే రోజు తెలియజేయడము మంచిది. పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసి ఉంటే, కంపెనీకి తెలియజేయడములో జరిగిన ఆలస్యము ఒక్కటే కారణముగా పరిహారము నిరాకరించరాదని 2020 జనవరిలో గురుషిందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు ఇచ్చినది. ఫిర్యాదు తేదీకి మరొక ప్రయోజనము కూడా ఉన్నది. పోయిన బండితో ఎవరైనా ప్రమాదము చేసినా, నేరము చేసినా, జరిమానా చలానా వచ్చినా, పోలీసులు మొదట వచ్చేది ఆర్.సి.లో పేరున్నవారి ఇంటికే. అప్పటికే ఆ బండి తన స్వాధీనములో లేదని చూపే కాగితము ఆ ఎఫ్.ఐ.ఆర్. మాత్రమే. 'ఎలాగూ దొరకదులే' అని ఫిర్యాదు మానుకొన్న పాత బండి యజమానులకు అసలు ఇబ్బంది ఇక్కడే వస్తుంది.

దొరికిన బండి

పోలీసులకు దొరికిన బండ్లు స్టేషను ఆవరణలో ఎండకు ఎండి, వానకు తడిసి తుప్పు పట్టడము అందరూ చూసిన దృశ్యమే. 2002లో సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి కేసులో సుప్రీంకోర్టు, స్వాధీనము చేసుకొన్న వాహనాలను ఎక్కువ కాలము స్టేషనులలో ఉంచరాదని, ఫొటోలు తీసి, పంచనామా చేసి, పూచీకత్తుపై యజమానికి ఇవ్వవచ్చునని సూచించినది. ఇందుకు యజమాని సంబంధిత మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు పెట్టుకొనవలెను. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 497, 503 సెక్షనుల పరిధిలోనిది. ఆర్.సి., బీమా, ఎఫ్.ఐ.ఆర్. నకలు చేతిలో ఉండవలెను. జాతీయ నేర గణాంక సంస్థ వారి 'వాహన్ సమన్వయ్'లో నంబరు ఇచ్చి, పోయిన లేదా దొరికిన వాహనాల వివరాలు సరిచూసుకొనే సదుపాయము కలదు. వేరే రాష్ట్రములో దొరికిన బండిని తెచ్చుకొనడానికి ఆ రాష్ట్రపు కోర్టుకే వెళ్ళవలసి రావచ్చు. బళ్ళారి వైపు దొరికిన బండికి కాగితాలు కన్నడములో వ్రాయవలసి వస్తే, రెండు భాషలూ వచ్చిన సరిహద్దు ఊళ్ళవారు ఈ పనిలో తోడ్పడతారు.